రెండు విమానాలూ వద్దన్నాను

వైమానిక దళంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. టీ తాగుతూ అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, మీరు ఏ విమానం మీద పనిచేశారు?" ఏ రాడార్ మీద పనిచేశారని ఇప్పటిదాకా ఒక్కడూ అడగలేదు. వాళ్ళని తప్పుపట్టను. రెక్కలున్నదాని మీదే అందరి కళ్ళూ ఉంటాయి. నేను మాత్రం నా సర్వీసులో చాలా భాగం ఆ రెక్కల కింద చీకటి గదిలో కూర్చుని తెర చూసినవాణ్ణి.

నా ప్రమోషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో మా ఇంటావిడకే గుర్తులేదు, మీకెందుకు. ఒక్క సంగతి చెబుతాను. అరవైల చివర్లో, రాడార్‌ని ఆకాశంలోకి మోసుకెళ్ళే విమానం ఒకటి ఎంపిక చెయ్యమని ఒక చిన్న బోర్డు వేశారు. అందులో నేనొకణ్ణి. పరీక్షలు జరిగింది మా అనకాపల్లి పరిసరాల్లోనే. మా ఉద్యోగం అసలు ఏమిటో నాకు అక్కడ అర్థమైనంతగా మరెక్కడా కాలేదు.

ఎందుకు కావలసి వచ్చింది

నేల మీది రాడార్‌కి ఒక లోటు ఉంది. భూమి గుండ్రన, రాడార్ చూపేమో తిన్నగా పోతుంది. శత్రు విమానం చెట్ల ఎత్తులో వచ్చిందంటే నెత్తిమీదికి వచ్చేదాకా కనపడదు. మనం వీధి చివర ఏం జరుగుతోందో చూడాలంటే మేడెక్కుతాం కదా, రాడార్‌ని కూడా అలాగే మేడెక్కించాలి. ఆ మేడ ఒక విమానం కావాలి. ఇంతే సంగతి.

మా బోర్డుకి పెద్ద, గ్రూప్ కెప్టెన్ సూరి. పంజాబీ మనిషి, పొడుగరి, మాట తక్కువ. అరవై ఐదు యుద్ధంలో పడమటి సరిహద్దు దగ్గర ఒక ఎయిర్‌ఫీల్డ్ ఆయన చేతికింద ఉండేది. ఒక సాయంత్రం శత్రు విమానాలు గోధుమ పొలాల మీదుగా నేలని రాసుకుంటూ వచ్చాయి. బాంబులు పడ్డాకే సైరన్ మోగింది. విమానంలో పెట్రోలు నింపుతున్న ఇద్దరు మెకానిక్కులు అక్కడికక్కడే పోయారు. ఆ ఇద్దరి పేర్లూ ఆయన మా మొదటి సమావేశంలోనే చెప్పారు. "వాళ్ళకి అయిదు నిమిషాల ముందు తెలిస్తే బంకర్లోకి పరిగెత్తేవారు. నాకు ఆ అయిదు నిమిషాలు కావాలి. మీరు వాటిని ఏ విమానంలో తెస్తారో తెండి," అన్నారు. ఆ తరువాత ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆయన ఈ పని ఎందుకు నెత్తిన వేసుకున్నారో మాకందరికీ తెలుసు.

బోర్డులో రెండో మనిషి వింగ్ కమాండర్ నాయర్. ప్లానింగ్ వ్యవహారాలు ఆయనవి. తెలివైనవాడు, చమత్కారి, ఆఫీసుల్లో ఏ ఫైలు ఎక్కడ ఆగుతుందో కంఠతా వచ్చినవాడు. మూడోవాణ్ణి నేను, అందరికన్నా చిన్న ర్యాంకు. విమానం ఎంపికైతే మొదటి రాడార్ సిబ్బందికి నన్నే పెద్దని చేస్తామని, మా స్థావరం విశాఖలోనే ఉంటుందని ముందే చెప్పారు. ఇంటికి అంత దగ్గరలో అలాంటి ఉద్యోగం. ఆశపడలేదంటే నన్ను నేను మోసం చేసుకున్నట్టే.

పెద్దదీ చిన్నదీ

పోటీలో ఉన్నవి రెండు. ఒకటి నాలుగు ఇంజన్ల పాత విమానం. పొట్టలో బోలెడు చోటు, పొద్దున ఎగిరితే సాయంత్రం దాకా దిగక్కర్లేదు. కానీ దిగిన ప్రతిసారీ దాని కింద నూనె మడుగు కట్టేది, మెకానిక్కులు దాన్ని తిట్టని రోజు లేదు. రెండోది రెండు ఇంజన్ల రవాణా విమానం. చిన్న రన్‌వే మీద కూడా దిగుతుంది, స్పేరు పార్టులు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. పైలట్లకి అదంటే ప్రాణం. దాని తిప్పలు మాకే తెలుసు. జనరేటర్ సరిపోదు. రాడార్ వేస్తే ఫ్యాన్లు ఆపాలి. రాడార్ లోపలి గాజు వాల్వుల వేడికి, వెలుగు రాకుండా నల్ల పరదాలు కట్టిన ఆ గదిలో పావుగంటకే చొక్కా పిండుకోవాల్సి వచ్చేది.

రెండిట్లోనూ ఒకే రకం రాడార్ బిగించాం. సముద్రం మీద ఓడల్ని వెతకడానికి వాడే సెట్టుని మా అవసరానికి కొంచెం మార్చుకున్నాం.

బోర్డులో నెలల తరబడి దేని గురించి మాట్లాడుకున్నామంటే ఇంజన్ల గురించి, ఎత్తు గురించి, పెట్రోలు గురించి. నన్ను అడిగినదల్లా "నీ పెట్టె బరువెంత?" అని. రాడార్ అంటే వాళ్ళకి ఒక లగేజీ. ఇప్పటికీ చాలాచోట్ల ఇంతే. విమానం ఎంపిక చేసే గదిలో విమానం నడిపేవాళ్ళే ఎక్కువగా ఉంటే, చివరికి నడపడానికి బాగుండేదే వస్తుంది. మీరు అలాంటి గదిలో కూర్చోవాల్సి వస్తే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

రాజయ్యపేట ఒడ్డున

మేం అనకాపల్లి ట్రావెలర్స్ బంగళాలో దిగాం. విమానాలు విశాఖ నుంచి ఎగిరేవి. రాజయ్యపేట ఒడ్డున సరుగుడు తోట పక్కన ఒక గుడారం వేసి వైర్‌లెస్ పెట్టాం. రోజూ ఒక ఫైటర్ విమానం సముద్రం మీద నీళ్ళకి దగ్గరగా దూసుకొచ్చేది. మా రాడార్ విమానం పైన తిరుగుతూ దాన్ని ఎంత దూరంలో పట్టుకుంటుందో చూడటం పరీక్ష.

నా ఆపరేటర్ దైవసహాయం. తుమ్మపాలవాడు. మేమిద్దరం అనకాపల్లి హైస్కూల్లో ఒకే బెంచీ. నేను ఇంజనీరింగ్ చదివి ఆఫీసరునయ్యాను, వాడు నాకన్నా ముందే ఎయిర్‌మన్‌గా చేరి సార్జెంటయ్యాడు. నలుగురిలో సార్ అనేవాడు, ఇద్దరమే ఉంటే బావ అనేవాడు.

సముద్రం మీద మా సెట్టు అద్భుతంగా పనిచేసింది. మొదట్లో ఫైటర్ ఏ దిక్కు నుంచి వస్తుందో దైవసహాయానికి ముందే తెలిసిపోతోందని నాకు అనుమానం వచ్చి, ఆ దారి ఆఖరి నిమిషంలో మార్చమన్నాను. అయినా పట్టేశాడు.

"అదిగో సార్, దొరికీసేడు. ఇంకెక్కడికి పోతాడు," అనేవాడు తెర మీద చుక్కకి వేలు ఆనించి.

సూరిగారి ముఖంలో నవ్వు చూసింది ఆ రోజుల్లోనే. నాయర్ అయితే అప్పుడే రిపోర్టు రాయడం మొదలుపెట్టాడు. ఇక తేలాల్సింది పెద్దదా చిన్నదా అన్నదొక్కటే.

ఊళ్ళో మా గురించి ఏమనుకునేవారో చెబితే మీరు నవ్వుతారు. మా నాన్నకి మెయిన్ రోడ్డులో ట్రంకుపెట్టెల షాపు. ఒకరోజు నేను అక్కడ కూర్చుని ఉండగా తుమ్మపాల రైతు ఒకాయన వచ్చాడు. పెట్టె బేరం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"బాబూ, ఆ ఇమానాలు తవురివేనంట కదా. సెరుక్కి మందు కొడతన్నారంట. మా సేనుకి కూడా ఓ తిప్పు తిప్పించీండి. పీకపురుగు పట్టీసింది."

మా పని రహస్యం. ఏం చెప్పను. చూద్దాం లెండి అన్నాను. ఆయన వెళ్ళాక మా నాన్న, "మందేగా, కొట్టించెయ్యరాదూ," అని నన్ను ఆటపట్టించాడు. ఆయనకి అసలు సంగతి తెలిసే ఉంటుందని నా అనుమానం, కానీ ఎప్పుడూ అడగలేదు.

మా ఊరు చూడాలనిపించి

మా దగ్గర ఒక అలవాటు ఉండేది. పరీక్ష అయిపోయి విమానం తీరం వైపు తిరగగానే దైవసహాయం రాడార్ ఆపేసేవాడు. వాల్వులు ఖరీదైనవి, దొరకవు, వేడికి త్వరగా పోతాయి. పని లేనప్పుడు ఆపడం మంచి ఆపరేటర్ లక్షణం. నేనే వాణ్ణి అందుకు మెచ్చుకున్నాను.

ఒకరోజు పొద్దున పని త్వరగా ముగిసింది. తిరిగి వస్తున్నాం. వాడు స్విచ్చు మీద చెయ్యి వేశాడు.

"తీరం వచ్చీసింది సార్. ఆపీమంటారా?"

ఎందుకో నాకు మా ఊరు తెర మీద ఎలా కనిపిస్తుందో చూడాలనిపించింది. శారదా నది, రైలు కట్ట, తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ గొట్టం, ఇవన్నీ చుక్కలుగా గీతలుగా ఎలా ఉంటాయో చూద్దామని చిన్నపిల్లాడి సరదా.

"ఉండనీ. మీ ఫ్యాక్టరీ కనపడుతుందేమో చూద్దాం," అన్నాను.

తీరం దాటాం. తెరంతా ఒక్కసారిగా వెలుగు నిండిపోయింది. కొండలు, తోటలు, రేకుల కప్పులు, గట్లు, అన్నీ రాడార్‌కి జవాబు చెబుతున్నాయి, అన్నీ ఒకేసారి. అందులో నది లేదు, ఫ్యాక్టరీ లేదు.

"ఇదేటి బావా, తెరకేటయినాది?" అన్నాడు దైవసహాయం. అప్పుడు కాక్‌పిట్ వాళ్ళు వింటారేమోనన్న ధ్యాస కూడా వాడికి లేదు.

"తెరకేం కాలేదు," అన్నాను.

మేం సముద్రం మీదికి ఎందుకు వచ్చాం? తక్కువ ఎత్తులో ఎగరడానికి రూల్స్ ఒప్పుకునేది అక్కడే కాబట్టి. జనం ఉన్నచోట ఫైటర్ని అంత కిందికి దించనివ్వరు. ఆ రూలు కోసం సముద్రానికి వచ్చి, వచ్చిన కారణమే మరిచిపోయి, ఆ నీళ్ళ మీద వచ్చిన ఫలితాలతో విమానం కొనబోతున్నాం. సూరిగారికి కావలసిన అయిదు నిమిషాలు గోధుమ పొలాల మీద కావాలి. నీళ్ళు రాడార్ కిరణాన్ని చాలావరకు అవతలికి జారవిడుస్తాయి, అందుకే అక్కడ చుక్క తేటగా కనిపించింది. నేల అలా వదలదు.

మీలో చదువుకున్నవాళ్ళు అడుగుతారు, కదిలేదాన్ని కదలనిదాని నుంచి విడదీసే సర్క్యూట్లు అప్పుడే ఉన్నాయి కదా అని. ఉన్నాయి. నేల మీద నిలబడ్డ రాడార్‌కి అవి పనికొస్తాయి. విమానంలో కూర్చున్న రాడార్‌కి భూమంతా కదులుతున్నట్టే ఉంటుంది, కొండ కూడా. ఆ చిక్కు విప్పే విద్య ఆ రోజుల్లో మా చేతికి అందలేదు.

దిగాక రన్‌వే పక్కన నీడలో నిలబడ్డాం. దైవసహాయం సిగరెట్టు వెలిగించాడు.

"సెప్పకు బావా," అన్నాడు. "సెప్పితే మన క్రూ పోతాది. ఇద్దరం ఇంటికి దగ్గర్లో ఉందుం. తరవాత ఎవడో సూసుకుంటాడు."

"తరవాత చూసుకునేవాడు ఎయిర్‌ఫీల్డ్ మీద పెట్రోలు నింపుతుంటాడు," అన్నాను.

వాడు సిగరెట్టు కాలికింద నలిపేసి, "సరే, సెప్పీ," అన్నాడు.

చెరుకు చేల మీద

ఆ మధ్యాహ్నమే సూరిగారికి చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మడం ఇష్టం లేకపోయింది అనడం సరి. "ఒక్కసారి తెర చూసి చెబుతున్నావా? సెట్టు పాడై ఉంటుంది," అన్నారు. సెట్టు బాగానే ఉంది, మీరే వచ్చి చూడండన్నాను. నేల మీద ఒక్క పరుగు, ఫైటర్‌ని నాతవరం వైపు పొలాల మీదుగా తుమ్మపాల దాటించి తీరానికి పంపుదాం అన్నాను.

రూలు ప్రకారం అది కుదరదు. ఏదైనా తేడా వస్తే ఆయన ఉద్యోగం పోతుంది. అయినా, "నేను సంతకం పెడతాను. కానీ తెర ముందు నేను కూర్చుంటాను," అన్నారు.

మర్నాడు పొద్దున పెద్ద విమానంలో వెళ్ళాం. దైవసహాయం లేచి తన కుర్చీ ఆయనకిచ్చాడు. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని తెర మీదికి వంగారు. ఫైటర్ పైలట్ బయలుదేరానన్నాడు. తెరంతా వెలుగు. సూరిగారు నాబ్ తిప్పారు. వెలుగు తగ్గించారు, పెంచారు. దైవసహాయం పక్కనుంచి మెల్లగా, "కొంచెం ఇటు తిప్పండి సార్... ఇంకొంచెం..." అంటున్నాడు. వాడికి తెలిసిన విద్యలన్నీ అయిపోయాయి.

నేను నల్ల పరదా కొంచెం పక్కకి జరిపి కిటికీలోంచి కిందికి చూశాను. చెరుకు చేల మీద తన నీడని తరుముకుంటూ ఫైటర్ వెళుతోంది. ఎండలో రెక్కలు మెరుస్తున్నాయి.

"సార్," అన్నాను.

ఆయన తల ఎత్తి చూశారు. కంటికి కనపడుతోంది. మళ్ళీ తెర చూశారు. మళ్ళీ కిటికీ. అలా ఎన్నిసార్లు చూశారో. తరువాత హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుని దిగేదాకా అలాగే కూర్చున్నారు. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. నా మాట నిజమైనందుకు అంత బాధపడిన రోజు మరొకటి లేదు.

బంగళాలో

మా బోర్డుల్లో ఒక పద్ధతి ఉంది. అందరికన్నా చిన్న ర్యాంకువాడు ముందు మాట్లాడాలి. పెద్దవాళ్ళ మాట విన్నాక చిన్నవాడు గొంతు మార్చుకుంటాడని ఆ ఏర్పాటు. మంచి పద్ధతి, అయితే మొదట మాట్లాడేవాడికి దాక్కోవడానికి చోటుండదు.

ఆ సాయంత్రం బంగళా వరండాలో కూర్చున్నాం. సూరిగారు నావైపు చూశారు. "పెద్దదా, చిన్నదా?"

"రెండూ వద్దు సార్."

నాయర్ నవ్వాడు. "ఇబ్రహీం, నీకు ఆఫీసులు తెలియవు. ఇప్పుడు అందరూ ఒప్పుకుని ఉన్నారు. ముందు విమానం తెచ్చుకుందాం. మంచి రాడార్ వచ్చినప్పుడు అందులో పెట్టుకుందాం. ఇప్పుడు వద్దంటే మళ్ళీ ఈ బోర్డు మన కాలంలో కూర్చోదు."

ఆయన మాటలో నిజం లేకపోలేదు. బోర్డు మళ్ళీ కూర్చోలేదు కూడా. నా జవాబు నేను చెప్పాను. రాడార్ ఎంత కరెంటు తాగుతుందో, ఎంత బరువుంటుందో, ఎంతమంది కూర్చోవాలో తెలియకుండా విమానం కొనడమంటే పెళ్ళికూతుర్ని చూడకుండా జాకెట్టు కుట్టించినట్టే అన్నాను. అసలు ప్రమాదం అది కూడా కాదు, పైన విమానం తిరుగుతోందంటే కింద ఎయిర్‌ఫీల్డుల్లో అందరూ దాన్ని నమ్ముకుంటారు, అది గుడ్డిదని వాళ్ళకి ఎవరు చెబుతారు అన్నాను.

సూరిగారు అంతా విన్నారు. "మంచి రాడార్ ఎప్పటికి వస్తుంది?"

"వస్తుంది సార్. మనం రిటైరవకముందో తరవాతో చెప్పలేను."

"అప్పటిదాకా?"

దానికి జవాబు నేను ముందే ఆలోచించుకున్నాను. ఆ పొద్దున ఫైటర్‌ని పట్టుకున్నది కన్ను. సరిహద్దు పొడుగునా మనుషుల్ని కూర్చోబెడదాం. ఒక్కొక్క చోట ఇద్దరు, ఒక బైనాక్యులర్, ఒక వైర్‌లెస్ సెట్టు. విమానం కనపడగానే ఏ దిక్కుకి పోతోందో చెబితే చాలు, అయిదు నిమిషాలు కాకపోయినా మూడు నిమిషాలు వస్తాయి. అలాంటి ఏర్పాటు అంతకుముందు కొన్నిచోట్ల ఉంది, కానీ చూసేవాడికి ఏం చూడాలో నేర్పినవాడు లేడు. అదే చెప్పాను.

"మనుషులా," అన్నాడు నాయర్. "రాడార్ ఇంజనీరువి నువ్వు చెప్పే మాటేనా ఇది?"

"ఇంజనీర్ని కాబట్టే చెబుతున్నాను సార్."

నాయర్ తన అభిప్రాయం చిన్న విమానానికి అనుకూలంగా రాశాడు. సూరిగారు కలం తీసి కాసేపు చేతిలో తిప్పి, రెండిటినీ కొట్టేసి సంతకం పెట్టారు. ఆ ఒక్క సంతకంతో రెండేళ్ళ ఆయన పని పోయింది, నా కొత్త ఉద్యోగం పోయింది. ఎవరూ టీ ముట్టుకోలేదు.

నేను చాలామంది పెద్దల కింద పనిచేశాను. కరుకైనవాళ్ళు, మంచివాళ్ళు, పనికిమాలినవాళ్ళు. తనకి ప్రాణమైనదాన్ని తన కళ్ళతో చూసినదాని కోసం వదులుకున్న మనిషి సూరిగారు ఒక్కరే.

స్టేషన్లో

మర్నాడు ఆయన్ని మెయిలు ఎక్కించడానికి నేనూ దైవసహాయమూ అనకాపల్లి స్టేషన్‌కి వెళ్ళాం. ఆయన పెట్టె పైకి పెట్టించి తలుపు దగ్గర నిలబడ్డారు.

"నాకు కోపంగా ఉంది ఇబ్రహీం. నీమీద కాదని అబద్ధం చెప్పను," అన్నారు.

"తెలుసు సార్."

"సరిహద్దులో మనుషుల్ని పెట్టమన్నావు. వాళ్ళకి నేర్పేదెవరు?"

"ఎవరో ఒకర్ని వేస్తారు సార్."

"వేశారు. పొద్దున ఢిల్లీకి ఫోన్ చేసి నీ పేరు చెప్పాను. ఒప్పుకున్నారు."

అంటే నేను వెళ్ళాల్సింది సరిహద్దుకి. ఎడారిలో, గుడారంలో, ఒక్క తెర కూడా లేని చోట. "నేను రాడార్ మనిషిని సార్," అన్నాను.

"ఆ మనుషులు సరిపోతారని చెప్పింది నువ్వు," అన్నారాయన. "నాకు చేసి చూపించు." బండి కదిలింది. ఆయన లోపలికి వెళ్ళలేదు, నాకు కనపడినంతసేపూ తలుపులోనే నిలబడి ఉన్నారు.

ఆ రోజంతా ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. తరువాత తిట్టడానికి ఏమీ దొరకలేదు. ఆయన చేసింది న్యాయం. ఏదైనా వద్దని రాసే చేత్తోనే, దాని బదులు ఏం చెయ్యాలో అది చెయ్యడానికీ సిద్ధపడాలి. మీకు చెప్పాలనుకున్నది ఇదొక్కటే.

పడమటి సరిహద్దులో మొదటి పోస్టుకి చేరేసరికి ఇసుక గాలి వీస్తోంది. అక్కడ ఒక గుడారం, ఒక చెక్క మంచె, ఒక వైర్‌లెస్ సెట్టు. సెట్టు ముందు దైవసహాయం కూర్చుని ఉన్నాడు. వాడికి ఎవరూ ఆర్డరు వెయ్యలేదు, తనే అడిగి వచ్చాడట. విశాఖలో హాయిగా ఉండక ఎందుకొచ్చావురా అన్నాను.

"రెండూ వద్దని మనవే కదా సెప్పీసేం బావా," అన్నాడు ముఖం మీది ఇసుక తుడుచుకుంటూ. "మరి మనవే సూడాలి."

నేను బైనాక్యులర్ మెడలో వేసుకుని మంచె ఎక్కాను.